క్లౌడ్ కంప్యూటింగ్: నిర్వచనం నేర్పే క్రమశిక్షణ

 

సాంకేతిక రంగంలో ఒక పేరు జనం నోట నానినంత త్వరగా దాని నిర్వచనం స్థిరపడదు. క్లౌడ్ కంప్యూటింగ్ చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం. టెలిఫోన్ మాదిరిగానే కంప్యూటర్ శక్తి కూడా ఏదో ఒకనాడు ప్రజోపయోగ సేవగా అందుబాటులోకి రావచ్చునని కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ 1961లో ఎంఐటీ శతాబ్ది ఉత్సవాలలో సూచించగా, 2006లో అమెజాన్ సంస్థ సమాచారాన్ని నిల్వచేసే ఎస్3 సేవను, కంప్యూటర్లను అద్దెకిచ్చే ఈసీ2 సేవను ప్రారంభించడంతో ఆ ఊహ వ్యాపార రూపం దాల్చింది. అయితే చాలా సంస్థలు తమ పాత సరుకుకే కొత్త పేరు తగిలించడంతో గందరగోళం పెరిగింది. అప్పటికే చేస్తున్న పనులన్నీ ఇమిడేలా ఆ పేరుకు అర్థం మార్చేశారని 2008లో ఒరాకిల్ అధినేత ల్యారీ ఎలిసన్ బహిరంగంగా విమర్శించారు.

ఈ గందరగోళానికి హద్దు గీసినది అమెరికా జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ అయిన నిస్ట్. పీటర్ మెల్, తిమోతీ గ్రాన్స్ రూపొందించిన నిర్వచనం పదిహేను ముసాయిదాలు దాటి 2011 సెప్టెంబరులో తుదిరూపం పొందింది. దాని ప్రకారం క్లౌడ్‌కు అయిదు లక్షణాలు ఉండాలి: వినియోగదారుడు ఎవరినీ అడగకుండా కావలసిన వనరును తానే తీసుకోగలగడం, దానిని నెట్‌వర్క్ ద్వారా వేర్వేరు పరికరాలనుంచి వాడగలగడం, ఒకే యంత్రసముదాయాన్ని అనేకులకు అవసరాన్నిబట్టి పంచడం, గిరాకీని అనుసరించి వనరులు వేగంగా పెరిగి, తిరిగి తగ్గడం, వాడకాన్ని కొలిచి లెక్కచూపడం.

ఈ లక్షణాల విలువ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజున స్పష్టంగా తెలుస్తుంది. లక్షలమంది విద్యార్థులు ఒకే సమయంలో హాల్‌టికెట్ నంబర్లు నమోదు చేసినప్పుడు, ఆ తాకిడిని తట్టుకోవడానికి అదనపు సర్వర్లు కావాలి. మరునాటికి వాటిలో చాలావాటికి పని ఉండదు. క్లౌడ్ పద్ధతిలో ఆ సర్వర్లు తాకిడి సమయంలో జతకూడి, అది తగ్గగానే ఉమ్మడి వనరులలో కలిసిపోతాయి కనుక వాడిన కాలానికే చెల్లింపు ఉంటుంది. ఇందుకు భిన్నంగా, ఒక కార్యాలయం దూరనగరంలోని సర్వర్‌ను ఏడాదికి స్థిరమైన అద్దెకు తీసుకొని, మరొకటి కావలసినప్పుడల్లా ఉత్తరం రాసి వారాల తరబడి ఎదురుచూస్తే, దానిని ఏ పేరుతో పిలిచినా అది క్లౌడ్ కాదు. యంత్రం ఎక్కడున్నదన్నది కాక, సేవ ఏ తీరున అందుతున్నదన్నదే ఇక్కడ ప్రమాణం.

నిర్వచనం బాధ్యతలను కూడా విడదీసి చూపుతుంది. సర్వర్లు, నిల్వ వంటి మౌలిక వనరులను మాత్రమే అద్దెకు తీసుకున్నప్పుడు, వాటిపై నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎప్పటికప్పుడు సరిదిద్దుకునే భారం వినియోగదారుడిదే. ప్రోగ్రాములు రాసి నడిపేందుకు సిద్ధమైన వేదికను తీసుకున్నప్పుడు ఆ భారం సేవాసంస్థకు మారుతుంది. వెబ్ మెయిల్ వంటి సిద్ధ సాఫ్ట్‌వేర్‌ను వాడినప్పుడు నిర్వహణ దాదాపు అంతా సంస్థదే అవుతుంది. అయినప్పటికీ తన సమాచారాన్ని ఎవరు చూడవచ్చో నిర్ణయించే బాధ్యత ఏ పద్ధతిలోనూ వినియోగదారుడిని వదలదు. ఈ విభజన తెలియని చోట ఇరుపక్షాలూ ఎదుటివారే చూసుకుంటారని భావించడంవల్ల, ప్రజల వివరాలు కాపలా లేకుండా మిగిలిపోతాయి.

పట్టాలను డిజిలాకర్‌లో భద్రపరచుకునే ఈ కాలంలో క్లౌడ్ నిర్వచనం ఇంజినీర్లకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. నేడు పట్టాలు అందుకుంటున్న పట్టభద్రులలో కొందరు రేపు ప్రభుత్వ టెండర్లు రాస్తారు, కొందరు ఆసుపత్రుల రికార్డులకు సంరక్షకులవుతారు, మరికొందరు సొంత సంస్థలు స్థాపిస్తారు. వారి ముందుకు వచ్చే ప్రతి ఆకర్షణీయమైన పేరునూ దాని లక్షణాలతో సరిచూడడం, ఏది ఎవరి బాధ్యతో కాగితంపై స్పష్టంగా రాయించడం, ఆ తరువాతనే ప్రజాధనాన్ని వెచ్చించడం విద్యావంతుల ధర్మం. ఈ విశ్వవిద్యాలయం నేడు ప్రదానం చేస్తున్న పట్టాకు అటువంటి వివేకమే సార్థకత చేకూరుస్తుంది. పట్టభద్రులందరూ ఆ వివేకాన్ని తమ వృత్తిజీవితమంతటా పాటించాలి.