పేరు చదివిన తరువాత



పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో పని కోసం తిరిగే మన పిల్లల నోట ఒక ప్రశ్న తరచుగా వింటున్నాము: "పిలుపు రాకపోవడం చదువు చాలకనా, పేరు చూసా?" ఒక్కొక్కరి విషయంలో దీనికి రుజువుతో జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు. యజమాని కారణం చెప్పడు. అందుకే ఈ బాధను అపోహ అని కొట్టివేయడం సులభమవుతోంది. సాంఘిక మనస్తత్వ శాస్త్రం మనకు అక్కరకు వచ్చేది ఇక్కడే.

సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే పరిశోధకులు పత్రికల్లో వెలువడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమాన అర్హతలు గల దరఖాస్తులను వేర్వేరు పేర్లతో పంపారు. ఫలితాలను 2007లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ' ప్రచురించింది. అగ్రవర్ణ హిందూ పేరుతో పోల్చినప్పుడు అనుకూల స్పందన లభించే అవకాశం దళిత పేరుకు సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు మాత్రమే. ఆ దరఖాస్తులలో ఏ ఒక్కదానిని విడిగా చూసినా వివక్ష కనిపించదు. వేలకొద్దీ కలిపి లెక్కించినప్పుడే అది బయటపడింది.

అయితే అది చదువుకున్నవారి కొలువుల మాట. మన వాడల్లో అనేక పనులకు ప్రకటనే ఉండదు. కాంట్రాక్టరు మేస్త్రీకి చెబుతాడు, మేస్త్రీ తనవారిని తెస్తాడు. ఇందులో ద్వేషం ఉండనవసరం లేదు. హెన్రీ టాజ్‌ఫెల్ బ్రిస్టల్ నగరంలో బడిపిల్లలపై చేసిన ప్రయోగాలు 1970, 1971లలో వెలువడ్డాయి. ఏ ప్రాముఖ్యమూ లేని కారణంతో రెండు జట్లుగా విడదీసినా, పిల్లలు తమ జట్టువారికే ఎక్కువ డబ్బు పంచారు. నాజీల మారణకాండలో కుటుంబాన్ని పోగొట్టుకున్న యూదుడు టాజ్‌ఫెల్. వివక్షకు పూర్వ వైరం తప్పనిసరి కాదని తేల్చినవాడు ఆయనే కావడం మమ్మల్ని ఆలోచింపజేస్తుంది.

"అందరితో కలిసిమెలిసి ఉండండి, అన్నీ సర్దుకుంటాయి" అని మనకు హితవు చెప్పేవారున్నారు. గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే అన్నాడు, కలయిక ఫలించాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, పైవారి మద్దతు ఉండాలని. ఒకే షెడ్డులో ఒకరు పర్మినెంటు, మరొకరు రోజుకూలీ అయినచోట సమాన హోదా ఎక్కడిది?

రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వ కొలువుల వరకే సమానావకాశాన్ని హామీ ఇస్తుంది. సమానావకాశాల కమిషన్ ఉండాలని సచార్ కమిటీ 2006లోనే సిఫారసు చేసింది. ఆ డిమాండును మనం వదలరాదు. అంతవరకు ప్రతి మస్జిదు కమిటీ ఒక రిజిస్టరు పెట్టవలెనని కోరుతున్నాము: ఎవరు, ఏ అర్హతతో, ఏ తేదీన, ఏ పనికి అడిగారు, ఏమి జవాబు వచ్చింది. దళిత, వెనుకబడిన వర్గాల సంఘాలను కూడా ఇదే పద్ధతిలో రాసుకోమని అడుగుదాము. పేర్ల పక్కన పేర్లు చేరినప్పుడే పోల్చి చూడగలము. ఖాళీల వివరాలు ఫ్యాక్టరీ గేటు వద్ద తెలుగులోను, ఉర్దూలోను అంటించాలని కార్మిక శాఖను అడగడానికి ఆ రిజిస్టరే మన చేతిలోని కాగితం.