దేవుడు కీడును ఏల సహించును?

2025 జూన్ 30వ తేది, సోమవారము ఉదయమున, సంగారెడ్డి జిల్లాలోని పాశమైలారము పారిశ్రామికవాడయందు ఔషధములకు ముడిపదార్థములు తయారుచేయు ఒక కర్మాగారములో పెద్ద ప్రేలుడు సంభవించినది. నలుబదిమందికి మించి మరణించిరి. వారిలో పెక్కుమంది బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ మొదలగు రాష్ట్రములనుండి పొట్ట చేత పట్టుకొని వచ్చిన కూలివారు. కొందఱి దేహములు సైతము దొరకలేదు. పటాన్‌చెరువులో గాని, కర్దనూర్ వంటి చుట్టుపట్ల గ్రామములలో గాని, కర్మాగారముల నమ్ముకొని బ్రతుకు కుటుంబములకు ఇది పరాయి వార్త కాదు. ఆ కుటుంబములలో క్రైస్తవులును గలరు. ఆదివారమున దేవుడు ప్రేమాస్వరూపి యని పాడిన నోరే సోమవారమున “దేవా, ఇది ఏల?” యని యడుగవలసి వచ్చినది.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరసు పేర ఇది నేటికిని వ్యవహారములో నున్నది. దేవుడు మంచివాడైనచో కీడును మాన్పగోరును, సర్వశక్తుడైనచో మాన్పగలడు, అయినను కీడు కన్నులయెదుట నున్నది. ఇందు దేనిని విడువవలెను? మంచితనమునా, శక్తినా? క్రైస్తవ విశ్వాసము ఈ రెంటిని విడువదు. కీడు ఒట్టి భ్రమ యనియు చెప్పదు. కావున దీనికి సమాధానము చెప్పు భారము తక్కినవారికన్న క్రైస్తవునికే అధికము.

ముందుగా, చెప్పరాని సమాధాన మొకటి కలదు. బాధపడువాడు ఏదో పాపము చేసియుండును, అందుకే అనుభవించుచున్నాడు అనునది. “చేసుకున్నవారికి చేసుకున్నంత” యని మన యిండ్లలో తేలికగా అనుచుందుము. యోబు మిత్రులు మువ్వురును బూడిదలో కూర్చున్న ఆతనితో ఈ మాటనే పలువిధముల చెప్పిరి. ఆ గ్రంథాంతమున దేవుడు కోపించినది మొఱపెట్టిన యోబుపై కాదు, తన పక్షమున వాదించిన ఆ మిత్రులపైననే. ఇది మనము మరువరాని విషయము.

లూకా సువార్త 13వ అధ్యాయములో మన సందర్భమునకు మిక్కిలి దగ్గరి సంగతి యొకటి గలదు. యెరూషలేములో సిలోయమువద్ద గోపురము కూలి 18 మంది మరణించిరి. వారు తక్కిన పట్టణవాసులకన్న పాపులా యని క్రీస్తే ప్రశ్నించి, కారని తానే బదులు చెప్పెను. పుట్టుగ్రుడ్డివానిని చూచి, పాపము వీనిదా, వీని తలిదండ్రులదా యని శిష్యులడిగినప్పుడును ఆ లెక్కను ఆయన అంగీకరింపలేదు. కనుక పాశమైలారపు మృతులను గూర్చి ఎవ్వడైనను వారి పాపమని, వారి తలవ్రాతయని పలికినచో, పుండుమీద కారము చల్లుటయే గాక, క్రీస్తు మాటను త్రోసిపుచ్చుటయు నగును.

అట్లైన కీడు ఎక్కడిది? దేవుడు మనుష్యుని కీలుబొమ్మగా చేయలేదు. ప్రేమించుటకు స్వేచ్ఛ కావలెను. స్వేచ్ఛ యున్నచోట ప్రేమింపకుండుటకును వీలుండును. మఱియు ఆయన ప్రకృతికి నియమముల నిచ్చెను. అన్నము వండు నిప్పే ఇల్లును కాల్చును. నిప్పు మనకు మేలైనప్పుడు మండి, కీడైనప్పుడు చల్లారునదైనచో, పొయ్యి వెలిగించుటకు గాని, యంత్రము నడుపుటకు గాని మనకు తెలివి యేర్పడదు. తన పనికి ఫలితమేదో ముందుగా ఎఱుగజాలని లోకములో ఎవ్వనికిని బాధ్యత యుండదు. పాశమైలారపు ప్రమాదమునకు బాధ్యులెవరో తేల్చుట అధికారుల పని, న్యాయస్థానముల పని. అయితే ఒక మాట మాత్రము సర్వత్ర చెల్లును. పేరుకొనిన ధూళిని తుడువకపోవుట, చెడిన యంత్రమును మార్పకపోవుట, పనివాని హెచ్చరికను వినకపోవుట — ఇవి దేవుని కార్యములు కావు. మనుష్యుడు చేయవలసినది చేయకపోగా దానికి దైవసంకల్పమని పేరు పెట్టుట దైవదూషణ.

హిప్పో నగరమునకు బిషప్పుగా నుండిన అగస్టీను, 354 నుండి 430 వఱకు జీవించినవాడు, ఈ విషయమున ఒక సూక్ష్మమైన మాట చెప్పెను. కీడునకు తనదైన అస్తిత్వము లేదు. అది మేలు కొఱవడుటయే, మేలు తన స్థానము తప్పుటయే యని ఆతని భావము. పటాన్‌చెరువు ప్రాంతమే దీనికి దృష్టాంతమగును. ఇచ్చట ఎన్నో ఔషధ కర్మాగారములు గలవు. 2007లో ప్రచురితమైన యొక పరిశోధనలో, సుమారు 90 కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీటియందు సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు కనబడినది. ఆ మందు పుచ్చుకొను రోగి రక్తములో నుండు పరిమాణముకన్నను ఇది అధికము. ఆసుపత్రిలో ప్రాణము నిలుపు మందే వాగులో కలిసినప్పుడు సూక్ష్మక్రిములకు ఆ మందునే జయించు శక్తిని నేర్పును. అది స్వభావముచే విషము కాదు; ఉండరానిచోట నుండుటచే విషమైనది. అది నీట గలియుటకు కారణము మన అశ్రద్ధ, మన లోభము. పొలములు, బావులు చెడిన ఈ ప్రాంతపు రైతుల పక్షమున 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది.

అయినను ఈ వివరణతో ప్రశ్న తీరదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి వేలకొలది ప్రజలను పొట్టనబెట్టుకొన్నది. అందులో ఏ యజమాని లోభమును లేదు. తల్లి చేతిలోని శిశువు ఏ స్వేచ్ఛను దుర్వినియోగము చేసినది? నియమములున్న లోకములో సముద్రమును పొంగునని చెప్పవచ్చును. ఆ మాట బుద్ధికి కొంత తృప్తి నిచ్చును గాని, ఆ తల్లికి ఇయ్యదు. ఇచ్చట క్రైస్తవుడు తెలిసినట్లు నటింపరాదు. యోబునకును కారణము తెలుపబడలేదు. దేవుని సన్నిధి మాత్రమే లభించెను.

కీడు చేయువారిని దేవుడు వెంటనే నిర్మూలింపడేమని కొందఱడుగుదురు. గోధుమలలో గురుగులు మొలచిన ఉపమానము దీనికి బదులు. గురుగులను పెరుకబోయి గోధుమలను పెరుకుదురేమో యని యజమానుడు కోతకాలమువఱకు ఆగుమనెను. మంచికిని చెడుకును నడుమనున్న గట్టు ఊరికిని ఊరికిని మధ్య లేదు. ప్రతి మనుష్యుని హృదయములోనే గలదు. దేవుడు ఆలస్యము చేయుట ఉపేక్ష కాదు. మనకు దొరకిన గడువు.

అన్నిటికన్న ముఖ్యమైనది సిలువ. క్రైస్తవుని దేవుడు బాధను దూరమునుండి తిలకించువాడు కాడు. లాజరు సమాధియొద్ద ఆయన కన్నీరు విడిచెను. ఈ గిన్నె తొలగిపోగూడదా యని గెత్సేమనేలో ప్రార్థించెను. అన్యాయపు తీర్పునకు లోబడి, చేయి విడువబడినవానివలె మొఱపెట్టి మరణించెను. “దేవా, ఏల?” అను ప్రశ్న అవిశ్వాసము కాదు, ఆ ప్రశ్నను ఆయనయు అడిగియున్నాడు. పునరుత్థానము ఆ ప్రశ్నకు తర్కముతో చెప్పిన జవాబు కాదు. కీడుది తుదిమాట కాదను వాగ్దానము.

ఈ నమ్మకము చేతలలో కనబడవలెను. 1876–78 నాటి గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. గింజలకై మతము పుచ్చుకొందురేమో యని కరవుకాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. మొదటి ప్రపంచయుద్ధ కాలపు కరవులో చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదకులో దేవాలయ నిర్మాణమును సాగించి, పనికి ఆహారము నిచ్చి పలువురి ప్రాణములు నిలిపెను. ఆ మందిరము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. కరవు ఏల వచ్చెనో వారు వివరింపలేదు. ఆకలిగొన్నవానికి ముందు అన్నము పెట్టిరి.

కావున శ్రోతలారా, చావు జరిగిన యింటికి వెళ్లినప్పుడు మనము కారణములు చెప్పవలదు. “దేవుని చిత్తము” అను మాటను తొందరపడి నోట తేవలదు. ప్రక్కన కూర్చుందము, ఆ యింటి పిల్లల చదువు సంగతి విచారింతము, రావలసిన పరిహారపు కాగితములు వ్రాసి పెట్టుదము, పరాయి రాష్ట్రమున ఏ భాషయు తెలియక నిలిచిన ముసలి తండ్రికి మన భుజము నిత్తము. అటుపిమ్మట, మఱియొక యింటికి అట్టి సోమవారము రాకుండ, యజమానులను, అధికారులను నిర్భయముగా అడుగుదము. దేవుడు కీడును ఏల సహించుచున్నాడో మనకు పూర్తిగా తెలియకపోవచ్చును. మనము దానిని సహింపరాదని మాత్రము ఆయన స్పష్టముగానే తెలిపియున్నాడు.