ఇంట్లో చూచిన ‘కల్పన’



ఈ ఏటి ఉత్సవంలో నృత్యరూపకాలు చాలా ఉన్నవి గనుక, నృత్యరూపకమే చలనచిత్రమైన ఒక ముచ్చట చెబుదామని వచ్చాము. ఉదయశంకర్ తీసిన ‘కల్పన’ 1948లో విడుదలైంది. కథ హిందీదే అయినా చిత్రం తయారైంది మద్రాసులో, జెమినీ స్టూడియోలో. కెమెరా పట్టినవారు కె. రామ్‌నాథ్. అదే ఏడు అదే జెమినీ నుంచి వచ్చిన ‘చంద్రలేఖ’ ఢంకాల నృత్యం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ‘కల్పన’ పేరు మాత్రం మనలో చాలామంది వినికూడా ఉండరు. అది డబ్బు చేసుకోలేకపోయిన చిత్రం.

ఉదయశంకర్ 1923లో లండనులో అన్నా పావ్లోవాతో కలిసి రాధాకృష్ణుల నృత్యం చేసిన మనిషి. తరువాత ఆల్మోరాలో కళాకేంద్రం పెట్టి, కథకళికి శంకరన్ నంబూద్రిని, భరతనాట్యానికి కందప్ప పిళ్ళైని, సంగీతానికి అల్లాఉద్దీన్ ఖాన్‌ను రప్పించారు. డబ్బు చాలక అది మూతపడింది. ఆ కేంద్రమే చిత్రంలో కథ అయింది. నాయకుడు తన కథను ఒక నిర్మాతకు వినిపిస్తాడు. అంతా విని నిర్మాత వద్దంటాడు. బయట జరగబోయేది ఆయన ముందే తీసి పెట్టినట్లుంది!

కథ అంత బిగువైనది కాదు. ఇద్దరు స్త్రీల మధ్య నాయకుని అవస్థ కొంత విసుగే. కాని యంత్రాల నృత్యం వచ్చేసరికి మాట్లాడుకుంటున్నవాళ్ళం మాట్లాడటం మానేశాము. మనుషుల చేతులు, నడుములు ఇరుసులై, చక్రాలై తిరుగుతాయి. క్రమంగా పనివాడెవడో పనిముట్టేదో తెలియకుండా పోతుంది. మన సినిమాల్లో అడుగు చూడవలసినచోట ముఖం చూపించే అలవాటు ఒకటి ఉన్నది. ఇక్కడ నృత్యం కూర్చినవాడే దర్శకుడు గనుక, కెమెరా ఎక్కడ నిలబడాలో ఆయనకు తెలుసు. అమలాశంకర్ ఆయన సరసన ఆడారు. తరువాత పేరుపొందిన పద్మినికి ఇదే తొలి చిత్రం.

పూణే ఫిల్ము భాండాగారంలో మిగిలిన డూప్ నెగటివ్, ఒక పాజిటివ్ ప్రింటు ఆధారంగా, మార్టిన్ స్కోర్సెసీ స్థాపించిన సంస్థ పూనికతో, ఇటలీలోని బొలోన్యాలో దీన్ని బాగుచేశారు. 2012లో కాన్ ఉత్సవంలో ప్రదర్శించినప్పుడు తొంభై దాటిన అమలాశంకర్ స్వయంగా వెళ్ళి చూచారు. ఇళ్ళలో చూచుకొనే డిస్కుగా 2022లో వచ్చింది. మేము చూచింది అదే.

ఇంట్లో చూడటంలో ఒక సుఖం ఉన్నది. కూచిపూడి నేర్చుకుంటున్న మా పిల్లలు మొదట ‘రంగులు లేవే’ అని మూతి ముడిచారు. తరువాత యంత్రాల నృత్యాన్ని నాలుగుసార్లు వెనక్కు తిప్పించారు; ఒక చోట ఆపి, చేయి ఎక్కడ విరిచారో చూచి, హాల్లో చేసి చూచుకొన్నారు. థియేటరులో అది కుదిరేది కాదు. అయితే అక్కడ పదిమందితో కలిసి ఊపిరి బిగబట్టడం ఇంట్లో కుదరదు, అది వేరే మాట.

మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది; ఈనాడు దాని ప్రతి లేదు. అంతదూరం పోనక్కరలేదు. ఈ దేశంలో మన వేదికలమీద నాట్యాచార్యులు చేయించిన రూపకాలను వీడియో కేసెట్లలో ఎక్కించినవారు ఈ హాల్లోనే ఉన్నారు. ఆ కేసెట్లు గరాజుల్లో, వేడిలో, చెమ్మలో పడి ఉన్నాయి. ఊరగాయ జాడీకి గుడ్డ కట్టే శ్రద్ధలో సగం వాటిమీద పెట్టలేదు మనం. టేపు జిగటబారితే దాన్ని బాగుచేయడం కష్టమవుతుంది.

మాలో ఇద్దరి దగ్గర టేపు నుంచి కంప్యూటరులోకి ఎక్కించే పరికరాలు ఉన్నవి. కేసెట్లు ఉన్నవారు భోజనాలకు వెళ్ళేముందు పుస్తకాల బల్ల దగ్గర పేరు, ఏ ప్రదర్శనో, ఏ సంవత్సరమో వ్రాసి వెళ్ళండి. సంవత్సరం గుర్తులేకపోతే ఎవరెవరు ఆడారో వ్రాయండి; మిగిలింది మేము కనుక్కొంటాము.