అవ్వను అడగాల్సిన ప్రశ్న



ఈరోజు నర్సింగ్ పట్టా పుచ్చుకుంటున్న బిడ్డలారా, మీలో కొందరు కువైట్‌కో, జర్మనీకో పోతారు. పోండి, సంతోషం. కొందరు మన కమలాపురం, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లోనే విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో చేరతారు. నా మాటలు ముఖ్యంగా వాళ్లకు.

జబ్బుల ముప్పు కనిపెట్టడానికి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తీసుకుపోయే సీబ్యాక్ ఫారంలో అరవై దాటినవాళ్లకు విడిగా కొన్ని ప్రశ్నలుంటాయి. అయినవాళ్ల పేర్లు గానీ, సొంతింటి చిరునామా గానీ మరచిపోతున్నారా అన్నది అందులో ఒకటి. అవ్వను అడిగితే కోడలు అందుకుంటుంది: "వయసయింది కదమ్మా, చాదస్తం." ఆ మాట విని 'లేదు' అని టిక్కు పెట్టి పక్కింటికి పోవడం తేలిక. కోడలిది తప్పు కాదు. అంతకు మించి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఉందని లాసి-డాడ్ అనే దేశవ్యాప్త అధ్యయనం 2023లో అంచనా కట్టింది. పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. మూడొందల మంది ముసలివాళ్లున్న ఊళ్లో ఆ లెక్కన ఇరవై మంది ఉండొచ్చు. మీ రిజిస్టరులో ఒక్కరూ లేకపోతే ఊరు బాగుందని కాదు, మీరు సరిగా అడగలేదని.

కూరలో ఉప్పు వేశానో లేదో మరవడం ఎవరికైనా ఉండేదే. నలభై ఏళ్లుగా కెలికిన సంగటి ఎలా కెలకాలో తోచక పొయ్యి ముందు నిలబడిపోతే అది జబ్బు. ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లోనే మతి తప్పితే అది వేరే సంగతి: మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం తగ్గడమో, కొత్తగా మొదలుపెట్టిన మాత్రో కారణం కావచ్చు. ఆగకుండా కడప రిమ్స్‌కు పంపండి. థైరాయిడ్ మందగించినా, బీ12 తగ్గినా, మనసు కుంగినా మతిమరుపు వస్తుంది. వాటికి వైద్యం ఉంది. వయసు అనే ఒక్క మాటతో ఇన్నిటినీ కప్పేయడం నాకు బాధగా ఉంటుంది.

డిమెన్షియా ఉన్నవాళ్లు సాయంత్రమయ్యేసరికి సొంతింట్లో కూర్చునే "ఇంటికి పోతా" అంటారు. ఇది ఇంటివాళ్ల గుండె కోసే మాట. గండికోట జలాశయంలో మునిగిన తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్ల నుంచి పునరావాస కాలనీలకు వచ్చిన పెద్దవాళ్లు ఆ మాటంటే మీరేం చెబుతారు? ఆ ఇల్లు నీళ్లలో పోయిందని రోజూ చెప్పకండి. విన్న ప్రతిసారీ వాళ్లకది కొత్త కబురే. "ఇంట్లో ఎవరెవరుండేవాళ్లు పెద్దాయనా? గొడ్లెన్ని?" అని అడగండి, కాసేపు వీధిలో కలిసి నడవండి. వాదిస్తే కోపం పెరుగుతుంది. పక్కన నడిస్తే భయం తగ్గుతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, చదువు రానివాళ్లలో కూడా. తెలుగూ ఉర్దూ కలిసి బతికే మన బజార్ల మనుషులకు ఇది గర్వించదగ్గ కబురు. మీకు దీనిలో పనికొచ్చే మాట ఇంకొకటుంది: తెలుగులో నోరు మెదపని దాదీని ఉర్దూలో పలకరించి చూడండి. ఉర్దూ రాకపోతే వచ్చినవాళ్లను వెంట తీసుకుపోండి.

ఇక వృద్ధాశ్రమం. ఆ పేరెత్తితే మన సీమలో ఇల్లు తలదించుకుంటుంది. అమ్మను గదిలో పెట్టి బయట గొళ్లెం వేయడం పరువూ, ఆమెకు స్నానం చేయించి, అన్నం తినిపించి, పేరు పెట్టి పిలిచే చోట చేర్చడం పరువు తక్కువా? నేనొప్పుకోను. అయితే చాలా ఆశ్రమాలు తమ పనులు తాము చేసుకోగలిగిన వాళ్లనే చేర్చుకుంటాయి. డిమెన్షియా కోసమే నడిచే కేంద్రాలు హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉన్నా, ఆ ఖర్చు వేరుశనగ రైతు మోయలేడు. మన జిల్లా ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో ఎవరి తల్లులకో ఊడిగం చేస్తుంటే వాళ్ల తల్లులను చూసేవాళ్లు ఇక్కడ కరువు. మండలానికొక పగటి సంరక్షణ కేంద్రం కావాలని నేను అడుగుతూనే ఉంటాను. మీరూ నాతో గొంతు కలపండి.

అది వచ్చేదాకా ఈ బరువంతా ఇంట్లో ఒక్క ఆడమనిషి మీద పడుతుంది. అవ్వను చూడటానికి పోయినప్పుడు ఆమెను కూడా కూర్చోబెట్టండి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతోందో అడగండి, బీపీ చూడండి. కొడుకులకు, కూతుళ్లకు మీరే ఫోన్ చేసి వంతులు వేయించండి. కోడలు చెబితే పోట్లాట అంటారు, నర్సమ్మ చెబితే వింటారు. తల్లిదండ్రుల పోషణకు 2007 నుంచి చట్టమే ఉందని, పెద్దల హెల్ప్‌లైన్ నంబరు 14567 అని చెప్పి, ఆ నంబరు వాళ్ల ఫోనులో మీ చేత్తోనే ఎక్కించి రండి.