చక్రాల మీద ఇల్లు: కొనేముందు, కదిలేముందు



ఎండాకాలం సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన సరిహద్దు ఊళ్ళలో ప్రతి ఇంటా ఒకటే మాట. ఈసారి ఏ వైపు పోదాం? బళ్ళారిలో కూర్చుంటే మనకు అన్ని వైపులా దారులే. పడమటికి హంపి, గోకర్ణం. ఇటు మంత్రాలయం, శ్రీశైలం. అటు తిరుపతి. ఇంకా ఓపికుంటే పండరిపురం. ఈ మధ్య బస్సు టికెట్లు, రైలు టికెట్ల మాటలతో పాటు ఇంకొక మాట కూడా చేరింది. మంచాలు, వంటగట్టు, ఫ్యాన్లు, నీళ్ళ ట్యాంకు అన్నీ లోపలే అమర్చిన బండి. దాన్ని కారవాన్ అంటున్నారు. కేరళ, మహారాష్ట్ర ప్రభుత్వాలు 2021లో ఇలాంటి బండ్ల కోసం ప్రత్యేకంగా పర్యాటక విధానాలు కూడా ప్రకటించాయి. "మాస్టారూ, అన్నదమ్ములం ముగ్గురం కలిసి ఒక పాత వ్యాను కొని అలా చేయించుకుందామనుకుంటున్నాం, ఏమంటారు?" అని అడిగేవాళ్ళు నాకే ఇద్దరు ముగ్గురు తగిలారు. వాళ్ళకు చెప్పినదే కొంచెం వివరంగా మీకూ చెబుతాను.

ఇంటిని వెంటబెట్టుకుని పోవడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. పల్లకీ, బోయీలు, గుడారాలు, వంట సామగ్రి, వెంట పెద్ద పరివారం. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర తిరగేయండి. ఫలానా మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, బజారు ఉందా లేదా, దిగడానికి చోటుందా అన్న వివరాలు అడుగడుగునా కనిపిస్తాయి. ఇప్పటికీ అవే మూడు ప్రశ్నలు: నీళ్ళు, దినుసులు, దిగే చోటు. మన కాలంలో నాలుగోది ఒకటి వచ్చి చేరింది. అది నిప్పు. దాని గురించి కాస్త ఎక్కువసేపే మాట్లాడాలి.

అంతకు ముందు కొనడం సంగతి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఏడాదికి పది పదిహేను రోజులు తిరిగే కుటుంబానికి సొంత కారవాన్ దండగ. మిగతా మూడువందల యాభై రోజులూ అది ఎండలో నిలబడి ఉంటుంది. నిలబడిన బండికి కూడా బీమా కట్టాలి, బ్యాటరీ చూసుకోవాలి, ఎలుకలు వైర్లు కొరకకుండా కాపలా కాయాలి. ముందు ఒకసారి అద్దెకు తీసుకుని నాలుగు రోజులు తిరగండి. మీ అమ్మగారికి ఆ మంచం ఎత్తు సరిపోతుందా, మీ తోడికోడళ్ళు ఇద్దరూ ఆ మూరెడు వంటగట్టు దగ్గర మూడు రోజులు సర్దుకోగలరా, అన్నది కాగితం మీద తేలేది కాదు. అప్పటికీ మనసు నిలవకపోతే కొనండి. ఉద్యోగం ముగిసి, నెలల తరబడి దేశం తిరగాలనుకునే దంపతులకు మాత్రం అది మంచి తోడే.

పాత వ్యానును మార్పించాలనుకునేవారు ఒక విషయం తెలుసుకోవాలి. ఆర్.సి. పుస్తకంలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మన ఇష్టం వచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. సీట్లు పీకి మంచాలు వేయించేముందు రవాణా కార్యాలయానికి వెళ్ళి, ఏ మార్పుకు అనుమతి ఉంది, ఏ కాగితం కావాలి అని అడగండి. వెల్డింగు షాపతను "నేను చూసుకుంటాలే సార్" అంటాడు. ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీవాళ్ళు వెల్డింగు షాపతన్ని అడగరు, మిమ్మల్నే అడుగుతారు.

ఇక నిప్పు సంగతి. 2023 ఆగస్టు 26న మదురై స్టేషను దగ్గర నిలిపి ఉన్న యాత్రికుల రైలుపెట్టె తగలబడి తొమ్మిది మంది చనిపోయారు. లక్నో నుంచి బయలుదేరిన యాత్ర అది. నిబంధనలకు విరుద్ధంగా లోపల పెట్టుకున్న వంటగ్యాసు సిలిండరే కారణమని రైల్వేవారు చెప్పారు. తెల్లవారుజామున కాఫీ, టీ కోసం వెలిగించిన మంట. అది రైలు, మనది బండి, అంతే తేడా. ఇరుకైన పెట్టె, ఒకటి రెండు తలుపులు, చుట్టూ పరుపులు, తెరలు – ఇవన్నీ రెండింటికీ ఒకటే.

వంటగ్యాసు గాలికంటే బరువైనది. కారితే పైకిపోదు, నేలబారుగా పరుచుకుంటుంది. ఇంట్లో అయితే గడప దాటి ఎంతో కొంత బయటికి పోతుంది. బండిలో మంచాల కింద, పెట్టెల మధ్య చేరి కూర్చుంటుంది. మంచం మీద పడుకున్నవారికి వాసన తెలిసేసరికి ఆలస్యం కావచ్చు. కాబట్టి ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరును తీసుకొచ్చి బండిలో కట్టేయకండి. తయారీలోనే గ్యాసు అమర్చిన బండి అయితే, సిలిండరు ఉండే గూడుకు తలుపు బయటి నుంచే ఉండాలి, లోపలికి సందు ఉండకూడదు, అడుగున గాలి పోవడానికి రంధ్రాలు ఉండాలి. బండి కదిలేముందు రెగ్యులేటరు కట్టేయాలి. ఈ పని ఇంట్లో ఒక్కరికే అప్పజెప్పండి. అందరి పనీ అయితే అది ఎవరి పనీ కాదు. వాసన వస్తే లైటు వేయడం, ఫ్యాను తీయడం చేయకండి. స్విచ్చి నొక్కితే వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. తలుపులు తెరిచి ముందు మనుషులు దిగిపోవాలి.

నన్నడిగితే, వంట బండి బయటే చేసుకోవడం మేలు. చెట్టు కింద పట్టా పరిచి, స్టవ్వు నేలమీద పెట్టి, గాలికి ఒక రేకు అడ్డం పెడితే సరిపోతుంది. నిజానికి పిల్లలకు గుర్తుండిపోయేది ఆ చెట్టు కింది చిత్రాన్నమే.

ఇంకో ప్రమాదం ఉంది. దానికి వాసన కూడా లేదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన నిలిపి ఉన్న కారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. ఏ.సి. నడవడానికి పెట్టిన జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరడమే కారణమని నిపుణుల పరీక్షలో తేలింది. ఈ వాయువుకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, తరువాత మగత. అలసట అనుకుని ఇంకాస్త ముడుచుకుని పడుకుంటాం. అందుకే జనరేటరు గానీ, ఇంజను గానీ నడుస్తుండగా తలుపులు బిగించుకుని నిద్రపోకండి. చలి వేస్తోందని లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోవడం కూడా ఇలాంటిదే. కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మోగే చిన్న పరికరాలు దొరుకుతాయి. పరుపుల మీద గుడ్డ ఏ రంగుదని ఆలోచించేముందు అది కొనండి. ఒక చిన్న అగ్నిమాపక సిలిండరు వంటగట్టు దగ్గర కాకుండా తలుపు దగ్గర బిగించండి. మంట వంటగట్టు దగ్గరే పుడుతుంది, అక్కడికి చెయ్యి పోదు.

కరెంటు విషయంలో చాలామంది అమ్మేవాళ్ళ మాటలు నమ్మి మోసపోతారు. ఏడో తరగతి లెక్క వేసుకోండి. 12 ఓల్టుల, 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్ అవర్లు. మామూలు ఆసిడ్ బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవాలి, లేకపోతే త్వరగా పాడైపోతుంది. అంటే 600. ఇరవై వాట్ల చిన్న ఫ్యాను దాని మీద 30 గంటలు తిరుగుతుంది. అదే 1,500 వాట్ల ఇండక్షన్ పొయ్యి పెడితే? లెక్క ప్రకారం 24 నిమిషాలు, వాస్తవంలో ఇంకా తక్కువ. కుక్కరు మూడో కూత వేసేలోపే దీపాలు మసకబారతాయి. ఏ.సి. సంగతి చెప్పనక్కరలేదు. బయట కరెంటు తీసుకునే చోటు ఉంటేనే ఏ.సి. అనుకోండి. లేని చోట కిటికీ జాలీ, ఫ్యాను, దోమతెర.

బరువు లెక్క కూడా అలాంటిదే. లీటరు నీళ్ళు ఒక కిలో. నూరు లీటర్ల ట్యాంకు నింపితే నూరు కిలోలు. దానికి తోడు మంచాలు, బ్యాటరీలు, పైకప్పు మీద బియ్యం మూట. ఆర్.సి.లో ఉన్న మొత్తం బరువును ఒకసారి చదివి, నిండు బండిని తూకం కాటా మీద పెట్టించండి. బరువైనవి కింద, తేలికైనవి పైన. పైకప్పు మీద బరువు పెరిగితే ఘాటు మలుపుల్లో బండి ఊగుతుంది. టైర్ల గీతలు బాగానే ఉన్నాయి గదా అని సంతోషపడకండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. తక్కువ తిరిగే బండికి టైరు అరిగి పోదు, ముసలిదై పగులుతుంది. మన ఎండలకు ఐదారేళ్ళు దాటిన టైరును నమ్మడం మంచిది కాదు. గాలి ఉదయాన్నే, బండి కదలకముందే చూసుకోవాలి. ఘాటు దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసేవాడు, ఇంజను ఆపేసేవాడు ఎంత అనుభవజ్ఞుడైనా సరే, ఆ మనిషి చేతికి బండి ఇవ్వకండి.

డ్రైవరు గురించి ఒక మాట. మనవాళ్ళకు ఒక అలవాటు ఉంది. పగలంతా దేవుళ్ళను చూసి, రాత్రి ప్రయాణం చేస్తే గది అద్దె మిగులుతుందని లెక్క. మనం వెనక నిద్రపోతాం. ముందు కూర్చున్నతను ఎప్పుడు నిద్రపోవాలి? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అని చెప్పేది. ఐదు గంటలు దాటితే అరగంట విరామం ఇవ్వాలని చెప్పేది. చట్టం సంగతి అలా ఉంచినా, మంచాలున్న బండి కొన్నదే రాత్రికి ఎక్కడో ఒకచోట ఆగడానికి గదా! మొదటి పళ్ళెం డ్రైవరుకు పెట్టండి, మంచి పరుపు డ్రైవరుకు ఇవ్వండి. మీ తమ్ముడే నడుపుతున్నా ఇదే పద్ధతి. బండి కదులుతున్నంతసేపు మంచం మీద ఎవరూ పడుకోకూడదు. ఒక్కసారి బ్రేకు పడితే పడుకున్న పిల్లవాడు బంతిలా ముందుకొచ్చి పడతాడు. అందరూ సీట్లలో, బెల్టులతో.

పైగా కొన్ని దారులు రాత్రి మూసే ఉంటాయి. శ్రీశైలానికి హైదరాబాదు వైపు నుంచి పోయే దారిలో మన్ననూరు గేటు, మైసూరు నుంచి ఊటీ పోయే దారిలో బందిపూరు అడవి – రెండుచోట్లా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ప్రయాణం నిషేధం. పులులకు కూడా రాత్రి కావాలి గదండీ.

సరిహద్దు వాళ్ళం కాబట్టి కాగితాల మాట. అద్దె బండి అయితే పసుపు బోర్డు ఉండాలి, అఖిల భారత పర్యాటక పర్మిటు ఉందో లేదో బయానా ఇవ్వకముందే చూడాలి. తెల్లబోర్డు బండిని అద్దెకిచ్చేవారు తక్కువకే ఇస్తారు. ప్రమాదంలో బీమా రాకపోతే ఆ తక్కువ ఎంత ఎక్కువో తెలుస్తుంది. పక్క రాష్ట్రంలో పన్ను తక్కువని బంధువుల చిరునామా మీద బండి రిజిస్టరు చేయించి, ఇక్కడ తిప్పుకుందామనే తెలివి కొందరికి ఉంది. 12 నెలలకు మించి ఒక రాష్ట్రంలో ఉంచిన బండికి ఆ రాష్ట్రపు నంబరు తీసుకోవాలని చట్టం. జాతీయ రహదారిలో సహాయానికి 1033, ఏ ఆపదకైనా 112 – ఈ రెండంకెలూ ముందు అద్దం మీద రాసి అతికించండి.

రాత్రి ఎక్కడ ఆగాలి? ఊరికి దూరంగా ఏకాంతంగా వద్దు. సత్రం ఆవరణ, కల్యాణ మంటపం, వెలుతురున్న పెట్రోలు బంకు – అడిగి ఆగండి. అడిగేటప్పుడు మొదటి మాట ఆ ఊరి భాషలో ఉండాలి. ఇది బడిలో రెండు భాషల మధ్య బతికినవాడి అనుభవం. రాయచూరులోనో సోలాపురంలోనో మన తెలుగువారు ఎందరో ఉన్నారు, నిజమే. అయినా "ఇల్లి నిల్లిసబహుదా అన్నా" అని కన్నడంలో అడిగిన తరువాత అవతలివాడే తెలుగులోకి దిగితే ఆ పలకరింపు వేరు. రైతు కళ్ళంలో, చెరువుగట్టు మీద బండి పెట్టకండి. పాత్రలు కడిగిన నీళ్ళు బకెట్లో పట్టి చెట్టుకు పోయండి. బండిలో మరుగుదొడ్డి ఉంటే దాన్ని రాత్రిపూట పెద్దవాళ్ళకు మాత్రమే ఉంచి, మిగతావాళ్ళు బంకుల్లో, సత్రాల్లో ఉన్నవి వాడుకోండి. ఆ ట్యాంకును ఖాళీ చేయడానికి మన దారుల్లో ఏర్పాట్లు చాలా అరుదు. ఇంటికొచ్చి సెప్టిక్ ట్యాంకులో పోయాలి, లేదా సత్రంవారిని అడిగి వారి మరుగుదొడ్డిలో పోయాలి. వాగులోనో, రోడ్డు పక్క కాలువలోనో వదిలేస్తే, కింద ఊరివాళ్ళు తాగే నీళ్ళలో కలుస్తుంది. మన ఊరి కాలువలో పొరుగూరి బండి అలా చేస్తే మనం ఊరుకుంటామా?

తిరిగి వచ్చాక, ఆ రోజే అలసిపోయి తాళం వేసేయకండి. నీళ్ళ ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి మూత తెరిచి ఆరబెట్టండి. దినుసులు ఒక్క గింజ లేకుండా దించండి, లేదంటే ఎలుకలకు మీరే పిలుపు పంపినట్టు. పరుపులు ఎండలో వేయండి. బ్యాటరీ తీగ విప్పండి, నెలకొకసారి ఛార్జి పెట్టండి. పదిహేను రోజులకొకసారి బండిని నాలుగైదు కిలోమీటర్లు తిప్పుకుని రండి. పక్కింటి పిల్లలను కూడా ఎక్కించుకోండి, సంతోషిస్తారు.