తొలి పిలుపు దగ్గరే జాగ్రత్త
(నిరుద్యోగ యువత అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగ ప్రయత్నాలలో మన పిల్లలకు చేదోడుగా ఉంటున్న మేము తరచుగా ఒక మాట వింటున్నాము. "అది ఉత్త ఫోన్ కాలే, అసలు ఇంటర్వ్యూ తర్వాత ఉంటుంది" అని. ఈ మాట మన బిడ్డలకు ఎంతో నష్టం చేస్తున్నది. ప్రైవేటు సంస్థలలో ఆ మొదటి సంభాషణ ఉద్దేశమే వడపోత. అక్కడ ఆగిపోయినవారి విద్యార్హతలను పై అధికారి చూడనే చూడడు.

మన విషయంలో ఈ గడప మరింత ఇరుకైనది. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అటీవెల్ తమ అధ్యయనంలో ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమానమైన అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపించారు. ముస్లిం పేరున్న వాటికి పిలుపులు తక్కువగా వచ్చాయి. రాజ్యాంగం 16వ అధికరణం మత వివక్షను నిషేధించినది ప్రభుత్వ ఉద్యోగాలలోనే. ప్రైవేటు రంగంలోనూ అటువంటి రక్షణ కోసం మన పోరాటం సాగవలసిందే. అయితే "మనల్ని ఎలాగూ తీసుకోరు" అని సిద్ధపడకుండా వెళ్ళడం వివక్షకు మనమే సాకు అందించడం అవుతుంది. కష్టం మీద వచ్చిన పిలుపును చేజార్చుకోరాదు.

దరఖాస్తు చేసిన ప్రతి సంస్థ పేరు, ఉద్యోగం పేరు, తేదీ ఒక పుస్తకంలో వ్రాసుకోండి. ఫోన్ వచ్చినప్పుడు బజారులో ఉంటే, పది నిమిషాల వ్యవధి మర్యాదగా కోరండి. జుమా వేళకు ఇంటర్వ్యూ పెడితే వేరే సమయం ముందుగానే అడగండి. మన ఇళ్ళలో ఉర్దూ, వీధిలో తెలుగు, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. కనుక మిమ్మల్ని మీరు పరిచయం చేసుకునే రెండు నిమిషాల మాటలను పైకి పలికి సాధన చేయండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆడపిల్లల దరఖాస్తులో తండ్రి నెంబరు ఇస్తున్నారు. పిలుపు వచ్చిన వేళ ఆయన పనిలో ఉంటారు, ఆ కబురు అమ్మాయికి చేరదు. ఆమె నెంబరే ఇవ్వండి.

ప్రభుత్వ కొలువుల సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూపు-సి, గ్రూపు-డి స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తొలగించింది. అక్కడ ధ్రువపత్రాల పరిశీలనే కీలకం. పదవ తరగతి మెమోలో 'షేక్' అని, ఆధార్‌లో 'ఎస్.కె.' అని ఉంటే చిక్కే. ఒకచోట 'మహమ్మద్', మరొకచోట 'ఎం.డి.' ఉన్నా అంతే. పిలుపు వచ్చాక కార్యాలయాల చుట్టూ తిరిగితే గడువు ఆగదు. ఇప్పుడే సరిచేయించండి. రాష్ట్ర ఉద్యోగాలలో 4 శాతం బి.సి.-ఇ రిజర్వేషన్‌కు అర్హులైనవారు కుల ధ్రువీకరణ పత్రం, నాన్ క్రీమీలేయర్ పత్రం ముందే తీసి ఉంచుకోండి. ఎంతో పోరాడి సాధించుకున్న హక్కు ఒక్క కాగితం లేక చేజారరాదు.

వచ్చే ఆదివారం అసర్ నమాజు తర్వాత మీ పత్రాలతో రండి. పేర్లు సరిచూస్తాము, ఇంటర్వ్యూ సాధన చేయిస్తాము. అల్లాహ్ మన బిడ్డల ప్రయత్నాలను సఫలం చేయుగాక. ఆమీన్.