366 పరుగులు – మన తండా పిల్లలు
(సేవాలాల్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మిరప కోతలు జోరుగా ఉన్న రోజుల్లో ఒక పూట కూలి వదులుకుని ఈ సభకు వచ్చిన యాడీలకు, బాపులకు, పిల్లలకు మా నమస్కారాలు.

జయంతి నాడు క్రికెట్ ముచ్చట ఎందుకని కొందరు పెద్దలు అడిగారు. మిరప కల్లాలు ఖాళీ అయితే సాయంత్రం పూట మన పిల్లలు అక్కడ ఆడే ఆట అదే. "ఆట కూడు పెడుతుందా?" అని వాళ్ల చేతుల్లోంచి బ్యాటు లాక్కున్నది కూడా మేమే. అందుకే ఈ రోజు డాక్టర్ ఎం.వి. శ్రీధర్ గారి గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

ఆయన మన తండాల నుంచి వచ్చినవారు కాదు. 1966లో మనకు కృష్ణ అవతలి ఒడ్డున, విజయవాడలో పుట్టారు. హైదరాబాద్ జట్టుకు ఆడారు. వైద్యవిద్య చదివి డాక్టరయ్యారు, బ్యాటూ వదల్లేదు. 1994 జనవరిలో సికింద్రాబాద్‌లో జరిగిన రంజీ మ్యాచ్‌లో ఒక్కరే 366 పరుగులు చేశారు. అప్పటికి రంజీలో నింబాల్కర్ 443, మంజ్రేకర్ 377 తర్వాత అదే పెద్ద స్కోరు. ఆ ఇన్నింగ్స్‌లో హైదరాబాద్ 6 వికెట్లకు 944 పరుగులు చేసింది. రంజీలో ఏ జట్టూ ఇప్పటికీ దాన్ని దాటలేదు.

ఎదుటి జట్టు ఎవరనుకున్నారు? మన ఆంధ్రాయే! ఇక్కడ మనం మిరప సాళ్లలో వంగి ఉన్న ఆ రోజుల్లోనే, అక్కడ మనవాళ్లు బంతి వెంట పరుగెత్తి పరుగెత్తి అలిసిపోయారు.

శ్రీధర్ గారు 97 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 6,701 పరుగులు, 21 సెంచరీలు చేశారు. అయినా భారత జట్టులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అజారుద్దీన్, సచిన్ లాంటివాళ్లు ఉన్న ఆ మిడిలార్డర్‌లో చోటు దొరకడం అంత తేలిక కాదు. అలాగని ఆయన ఆటకు దూరం కాలేదు. ఆడటం మానేశాక హైదరాబాద్ సంఘంలో, తర్వాత బీసీసీఐలో పెద్ద బాధ్యతలు మోశారు. 2017 అక్టోబరులో 51 ఏళ్లకే గుండెపోటుతో కన్నుమూశారు.

ఆ రోజు అంత దెబ్బతిన్న ఆంధ్రా నుంచే, మన గుంటూరు బిడ్డ ఎం.ఎస్.కె. ప్రసాద్ 1999లో భారత టెస్టు జట్టులోకి వెళ్లారు. ఒక్క ఓటమితో ఏ ఊరి కథా ముగిసిపోదు.

తల్లిదండ్రులారా, జిల్లా సెలెక్షన్ల రోజున పిల్లల్ని మిరప కోతకో పత్తి తీతకో పిలవకండి. ఆడపిల్లకైనా అదే మాట. ఆట కోసం చదువు మాన్పించకండి, చదువు పేరు చెప్పి ఆట మాన్పించకండి. ఆ రెండూ కలిసి సాగుతాయని శ్రీధర్ గారు చూపించారు. సెలెక్షన్లకు వెళ్లే తండా పిల్లల బస్సు చార్జీలు, బూట్ల ఖర్చు ఈ ఏటి నుంచి మన సంఘమే పెట్టుకుంటుంది.

పిల్లలూ, మీలో అందరూ ఇండియాకు ఆడకపోవచ్చు. జిల్లాకు ఆడినా, రాష్ట్రానికి ఆడినా మాకు గర్వమే. ఆ రోజు లాక్కున్న బ్యాటు ఈ రోజు మీకు తిరిగి ఇస్తున్నాం. తీసుకోండి.

జై సేవాలాల్!